బాపు గొంతుకు కరెంటు

పోయిన నెల ఇంటికి కొత్తగా వైరింగ్ చేయించాం. అటక మీది పాత సామానంతా కిందికి దించుతున్న ఎలక్ట్రీషియన్ ఒక ఇనప డబ్బాను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, నిచ్చెన మీంచి దిగలేక దిగి, "అక్కా, గిదేంది గింత బరువున్నది? స్టెబిలైజరా?" అని అడిగాడు. డబ్బా స్టెబిలైజర్‌దే. లోపలున్నది మాత్రం వేరు. మూత విప్పి చూపించాను. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, అల్యూమినియం రెక్కలకు బిగించిన రెండు రెగ్యులేటర్లు, ఒక రిలే, చివర్లకు తెల్లగా ఉప్పు పట్టిన బ్యాటరీ తీగలు. "పాత సామానోనికి ఇద్దామా?" అన్నాడు. ఇవ్వనన్నాను. ఎందుకని అతను అడగలేదు, బతికిపోయాను. అతనికి ఇంకా రెండు గదుల పని మిగిలి ఉంది.

అది పవర్ సప్లై. సింథసైజర్ అనే కరెంటు వాద్యం చేసినవాళ్ళెవరైనా మీటలున్న వాద్యాన్ని దాచుకుంటారు గాని, దానికి కరెంటిచ్చే డబ్బాను దాచుకుంటారా? కాని నా కష్టమంతా ఆ డబ్బాలోనే ఉంది. వాద్యం చేయడం నాకు పెద్ద పని కాలేదు. మా వాడ కరెంటు నుంచి దాన్ని కాపాడుకోవడమే నా ప్రాణం తోడేసింది. అది ఎవరి కోసం చేశానో చెప్పాలంటే మా బాపు గురించి చెప్పాలి.

మా బాపు గంగారాం ఆర్మూరు పసుపు మార్కెట్లో పాట పాడేవాడు. పాట అంటే వేలం పాట. రైతు పోసిన కుప్ప ముందు నిలబడి, చుట్టూ మూగిన ఖరీదుదారుల కళ్ళూ వేళ్ళూ కనిపెడుతూ ధర పెంచుకుంటూ పోవడం ఆయన పని. మెండోర నుంచి, ఏర్గట్ల నుంచి, దొంకేశ్వర్ నుంచి ట్రాక్టర్లు వచ్చి యార్డంతా పసుపు కొమ్ములూ, గుండ్రటి మండ దుంపలూ వేర్వేరు కుప్పలుగా పోసి ఉండేవి. ఆయన గొంతు సన్నగా, పదునుగా ఉండేది, దూరానికి పోయేది. అవతల కాంటా దగ్గర సంచులు కుట్టుకునే హమాలీలు కూడా ఏ కుప్ప ఎంతకు పోయిందో తలెత్తకుండానే చెప్పేవాళ్ళు. గంగారాం పాడితే దగా ఉండదని రైతులు తమ వంతు దాటిపోయినా ఆయన కోసం ఆగేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బాపు నోరు ఆ ఊరంతటికీ మంచిది.

ఇంటికి వచ్చేసరికి ఆ నోరు మూతపడేది. గొంతు ఆయన పనిముట్టు, దాన్ని ఇంట్లో అరగదీయడం ఆయనకు ఇష్టం లేదు. పొద్దున్నే ఉప్పు వేసిన వేడినీళ్ళు పుక్కిలించి, రెండు మిరియాలు బుగ్గన పెట్టుకుని వెళ్ళేవాడు. మధ్యాహ్నం వచ్చి అన్నం కావాలంటే పళ్ళెం అంచు మీద గోటితో కొట్టేవాడు. నీళ్ళు కావాలంటే గ్లాసు కాస్త పక్కకు జరిపేవాడు. కోపం వస్తే చెప్పులు వేసుకుని బయటికి పోయేవాడు. మా అవ్వ, అంటే అమ్మ, లచ్చవ్వ అన్నీ కనిపెట్టుకునేది. అందరి ఇళ్ళల్లోనూ మగవాళ్ళు ఇంతేననీ, నాన్న మాట వినాలంటే మార్కెట్‌కు వెళ్ళాలనీ నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. సెలవు రోజుల్లో నేనూ అన్నా యార్డు గోడ పక్కన నిలబడి ఆయన గొంతు విని ఇంటికి వచ్చేవాళ్ళం.

మా ఇంట్లో రెండు వాసనలుండేవి. ఒకటి అవ్వ బీడీల కోసం తడిపి గోనెపట్టా కింద దాచిన తునికాకు వాసన. రెండోది బాపు అంగీలోని పసుపు దుమ్ము వాసన. సబ్బు పెట్టగానే ఆ అంగీ నురగ ఎర్రబడేది, రక్తమేమోనని కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. సాయంత్రం దీపాల వేళకు అవ్వ చాట పక్కన పెట్టి లేచి, ఒళ్ళో పొగాకు దులుపుకుని, ఇంటి వెనక భూమిలో దిగ్గొట్టిన ఇనప గొట్టానికి చెంబుతో నీళ్ళు పోసేది. మా వాడ ఆచారం అది. కరెంటు వచ్చే తీగ ఒకటి, తిరిగి పోయే తీగ ఒకటి కదా, మా వాడలో తిరిగి పోయే తీగ ఎప్పుడూ బలహీనమే. అందుకని ప్రతి ఇంటి వెనకా ఒక గొట్టం పాతి, ఉప్పూ బొగ్గూ నింపి, ఆ తీగను దానికి కలిపేవాళ్ళం. నేల తడిగా ఉంటే బల్బు తెల్లగా వెలిగేది, ఎండిపోతే ఎర్రగా మినుక్కుమనేది. పసుపు పాలిష్ చేసే డ్రమ్ములు తిరిగే రోజుల్లో ఊరి కరెంటంతా అవే తాగేవి, అప్పుడు రెండు చెంబులు పోయాల్సి వచ్చేది. "ఎర్తుకు నీళ్ళు పోసినవా?" అని వాడలో ఆడవాళ్ళు ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు.

బాపు తాగే బీడీలు అవ్వ చుట్టినవే. కంపెనీవాడు బాగాలేవని తీసి పక్కన పారేసినవి ఇంటికి తెస్తే ఆయన కాల్చేవాడు. అవి ఊరికే వచ్చినవి కావని తర్వాత తెలిసింది. గొంతులో గరగర మొదలైతే మిరియాలు పెంచాడు, తర్వాత తమలపాకు రసం, తర్వాత నిజామాబాద్, చివరికి హైదరాబాద్ దవాఖాన. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద గుంటలో చిల్లు, దాని మీద అడ్డంగా పలచని గుడ్డ. తర్వాత నెలరోజులకు పైగా మెడకు కరెంటు పెట్టారు, రేడియేషన్‌ను మా దగ్గర అలాగే అంటారు. తిరిగొచ్చాక ఆయన మెడ చర్మం ఎండిన చెప్పు అట్టలా గట్టిపడి ఉంది. మెడకు ఆనిస్తే మాట్లాడించే మిషన్ ఒకటి విదేశాల్లో ఉంటుందనీ, మాడిన ఈ మెడ మీద అది పనిచేస్తుందన్న నమ్మకం లేదనీ డాక్టరు చెప్పాడు.

మాట్లాడని మనిషికీ మాట్లాడలేని మనిషికీ తేడా ఏముంటుందని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. ఇంట్లో ఏమీ మారదు, మార్కెట్ ఒక్కటే పోతుంది అనుకున్నాను. కాదు. మునుపు ఆయన మాట్లాడకపోయినా ఎవరూ ఆయన బదులు మాట్లాడే సాహసం చేయలేదు. ఇప్పుడు అందరూ మొదలుపెట్టారు. "బాపుకు చలి పెడ్తున్నది", "బాపుకు ఆకలి లేదు", "బాపుకు గా డాక్టరే నచ్చిండు." ఆయనకు అంకెలూ సంతకమూ తప్ప రాత రాదు. దుబాయి నుంచి అన్న రాజేశ్వర్ ఫోన్ చేస్తే అవునంటే ఒక చప్పట, కాదంటే రెండు చప్పట్లు కొట్టేవాడు. కాదని కొడితే అన్న, "ఇనవస్తలేదు బాపూ, మల్ల కొట్టు" అనేవాడు. మూడోసారికి విసిగి ఆయన ఒక్క చప్పటే కొట్టి ఫోన్ నాకిచ్చేవాడు.

నేను అప్పటికి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క, బస్టాండు పక్కన యాకూబ్ భాయ్ టీవీ రిపేరు షాపులో పని చేస్తున్నాను. సోల్డరింగు కడ్డీ పట్టుకున్న ఆడపిల్లను చూసి "సేట్ లేడా?" అని అడిగి, లేడంటే టీవీని మళ్ళీ చంకనెత్తుకుని పోయినవాళ్ళున్నారు. పోతే పోయారు, పక్క షాపువాడు వాళ్ళను బాగానే గొరిగేవాడు. యాకూబ్ భాయ్ మూతపడ్డ వీడియో గేముల దుకాణం సామాను కొన్నప్పుడు అందులో ఒక పాతకాలపు కంప్యూటరు వచ్చింది, టీవీకి తగిలించుకుని ఆడుకునే రకం. దాని బోర్డు మీద శబ్దాలు పుట్టించే చిప్ ఒకటి, స్పేరుగా కాగితంలో చుట్టింది మరొకటి. అలాంటివి చేయడం ఏనాడో మానేశారు. కాలిపోతే ప్రపంచంలో ఎక్కడ వెతకాలో కూడా నాకు తెలియదు. ఆ చిప్పుకు పిల్లల బొమ్మ పియానో మీటలు తగిలించి పాటల పెట్టె చేసుకోవాలని నా సరదా.

ఒకరోజు రెండు చేతులూ పనిలో ఉండి ఒక రబ్బరు పైపును పళ్ళ మధ్య పట్టుకున్నాను. దాని రెండో కొస బల్ల మీది చిన్న స్పీకరుకు ఆనుకుని ఉంది. చిప్ బుర్రుమని మోగుతోంది. నేను నోరు తెరిచాను, ఆ మోత 'ఆ' అంది. పెదాలు ముడిచాను, 'ఊ' అంది. నేను గొంతు కదపనే లేదు. యాకూబ్ భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "యా అల్లా! నీ నోట్లకెల్లి ఎవరు మాట్లాడుతున్నరు బేటీ?" అన్నాడు. గొంతు ఇచ్చేది ఉత్త మోతే, దాన్ని మాట చేసేది నోరు. బాపుకు పోయింది మోత. నాలుక ఉంది, పెదాలున్నాయి, పళ్ళున్నాయి. మోత నేనిస్తే మాట ఆయన చేసుకుంటాడు.

ఆ సంగతి చెబితే యాకూబ్ భాయ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "మోత చిప్పు జేస్తది, మాట మీ బాపు జేస్తడు. మంచిదే. మరి మీ వాడ కరెంటు ఏం జేస్తది? మీరు కరెంటుకు గూడ నీళ్ళు తాపే మనుషులాయె. జర జాగ్రత్త." నేను నవ్వాను. చిప్పుకు కావలసింది ఒక కాలికి తొమ్మిది ఓల్టులు, ఒక కాలికి ఐదు. చిన్న ట్రాన్స్‌ఫార్మరు, రెండు రెగ్యులేటర్లు, నాలుగు కండెన్సర్లు పెట్టి కాలేజీలో నేర్పినట్టే పవర్ సప్లై చేశాను. షాపులో బ్రహ్మాండంగా పనిచేసింది. వెనక సన్నగా గుమ్మని ఒక రొద ఉండేది, అది తర్వాత చూద్దామనుకున్నాను.

ఇంట్లో బాపును కుర్చీలో కూర్చోబెట్టి పైపు నోట్లో పెట్టిన సాయంత్రం నల్లా నీళ్ళు రాక వారమైంది. తాగే నీళ్ళే కొనుక్కుంటున్న రోజులు, ఇక గొట్టానికి ఎవరు పోస్తారు? నేల బీటలు వారి ఉంది. నేను మీట నొక్కాను. బాపు నోరు తెరిచాడు. 'ఆ' అని వచ్చింది. అవ్వ చేతిలోని తునికాకు జారిపోయింది. అదే క్షణంలో బయట స్తంభం మీద తిరిగి పోయే తీగ పుటుక్కున తెగింది. నేల ఎండి ఉంది గనక పోయే దారి లేక కరెంటంతా ఇళ్ళ మీద పడింది. బల్బు కళ్ళు చెదిరేలా వెలిగి పగిలింది. పక్కింటి టీవీ పేలిన చప్పుడైంది. నా పెట్టెలోంచి సన్నటి పొగ, మాడిన వాసన. బాపు పైపు తీసి ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాన్ని చూశాడు. తర్వాత మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడడమంటే ఏమిటో నాకు ఆ సాయంత్రం తెలిసింది.

ఇక మిగిలింది ఒక్క చిప్. దాన్ని నేను కాగితంలోంచి బయటికి తీయనే లేదు. ముందు పవర్ సప్లై తేలాలి. ఈసారి నాకు ఒకటే సూత్రం, వాడ కరెంటు చిప్పును తాకకూడదు. యాకూబ్ భాయ్ తన స్కూటర్ బ్యాటరీ ఇచ్చాడు. పాత స్టెబిలైజర్ డబ్బాలో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, అది బ్యాటరీకి మాత్రమే కరెంటు పోసేలా చేశాను. ఓల్టేజీ హద్దు దాటితే ముందుగా ఫ్యూజు పోవాలి. మాట్లాడే స్విచ్ వేయగానే రిలే టక్కుమని కొట్టుకుని డబ్బాను గోడ నుంచి విడదీయాలి. అప్పుడు చిప్పుకు అందేది బ్యాటరీ కరెంటు ఒక్కటే. షాపులో కావాలనే రెట్టింపు కరెంటు ఇచ్చి చూశాను, ట్రాన్స్‌ఫార్మరు మూలిగింది, ఫ్యూజు పోయింది, చిప్ స్థానంలో పెట్టిన చిన్న బల్బు మాత్రం చెక్కుచెదరకుండా వెలిగింది. స్పీకరు తగిలించి చూస్తే గుమ్మనే రొద కూడా మాయమైంది. రొద గోడలోంచి వచ్చేదని అప్పుడు అర్థమైంది. ఆ రోజు యాకూబ్ భాయ్ నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో దువా చదివాడు.

పైపు కుదరడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. సెలైన్ పైపు మరీ సన్నం, గ్యాసు పొయ్యి పైపు మరీ బిరుసు. చివరికి బండి పెట్రోలు పైపు సరిపోయింది. అవ్వ దాన్ని పసుపు వేసిన నీళ్ళల్లో మరగబెట్టి, వాసన చూసి, మళ్ళీ మరగబెట్టి, పచ్చగా అయ్యాక ఇచ్చింది. బాపు ఈసారి కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని, నమ్మకం లేని మనిషిలా, పైపును బుగ్గ వైపు పెట్టుకున్నాడు. నేను మీట నొక్కాను. నాలుక ఏవేవో తిప్పాడు. ముందు అర్థం లేని కూతలు వచ్చాయి. అవ్వ పక్కన చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. బాపు ఆ గ్లాసు వైపు చూశాడు. ఆయన నోట్లోంచి, రేకు మీద గీసినట్టున్న ఒక గొంతు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అంది: "చాయ్ల... చక్కెర... తక్కువైంది."

అవ్వ నేల మీద చతికిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే, "ముప్పై ఏండ్లకు నోరు తెరిస్తివి, గిదా నువ్వు అనేది?" అంది. బాపు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని గ్రహించడానికి నాకు కొంతసేపు పట్టింది, మెడ చిల్లు మీది గుడ్డ ఎగిరెగిరి పడుతోంది.

ఆయన ఆశంతా మార్కెట్ మీదే. మీటలు తనే నొక్కడం నేర్చుకున్నాడు, ధర పెరిగేకొద్దీ పై మీటకు పోవాలని తనే కనిపెట్టాడు. రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తిదారును బతిమాలితే ఆయన ఒక్క కుప్పకు ఒప్పుకున్నాడు. డబ్బాను హమాలీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. బాపు ఉతికిన అంగీ వేసుకుని కుప్ప ముందు నిలబడి మొదలుపెట్టాడు. మొదటి మాటకే ఎవడో పకపకా నవ్వాడు. ఇంకొకడు ముక్కు మూసుకుని అలాగే పలికాడు. నవ్వినవాళ్ళు పగవాళ్ళేం కారు, ఏళ్ళ తరబడి ఆయన పాట మీద సరుకు కొన్నవాళ్ళే. ఆ సందట్లో డబ్బా గొంతు రెండో వరస దాకా కూడా పోలేదు. దొంకేశ్వర్ రైతు, తన సరుకు చెడిపోతుందేమోనని, "గంగన్నా, ఇంకొకలతోని పాడిపియ్యి, ఏమనుకోకు" అన్నాడు. బాపు పైపు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ గేటు లోపల అడుగు పెట్టలేదు.

అక్కడితో ఆయన ఆ డబ్బాను అటక మీద పారేస్తాడనుకున్నాను. పారేయలేదు. మార్కెట్‌కు పనికిరాని గొంతును దాచుకోవలసిన పని ఇక లేదు గదా. మధ్యాహ్నాలు అవ్వ బీడీలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టాడు. పెళ్ళయినప్పటి నుంచీ తింటున్న కాకరకాయ కూర తనకు పడదని చెప్పాడు. "గిన్ని దినాలు ఎందుకు జెప్పలేదయ్యా?" అంటే, "గొంతు గుంజుతదని" అన్నాడు. పెళ్ళికి ముందు మెండోర చేలల్లో పసుపు తవ్వుతుండగా అవ్వను చూశాననీ, అప్పుడు ఆమె ఎవరినో తిడుతోందనీ చెప్పాడు. లచ్చీ అని పేరు పెట్టి పిలిచాడు. మా వాడలో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడు, పెద్ద పిల్ల పేరు చెప్పి ఫలానా వాళ్ళ అవ్వా అంటాడు. అవ్వ మొదటిసారి పలకలేదు, ఎవర్నో అనుకుంది. ఆ డబ్బా గొంతులో ప్రేమ పలుకుతుందా అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. అవ్వ మాత్రం ఆ రోజుల్లో బీడీలు తక్కువ చుట్టేది.

ఎండలు ముదిరేసరికి నాలుక మొదట్లో గడ్డ కనిపించింది. రోగం మళ్ళీ వచ్చింది. హైదరాబాద్ డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఆపరేషన్ చేస్తే కొన్నేళ్ళు బతకవచ్చు, కాని నాలుక తీసేయాలి అన్నాడు. అవ్వ తల ఊపింది. నేనూ ఊపాను, మంచం మీది మనిషి బతకాలనే గదా ఎవరికైనా ఉంటుంది. బాపు మాత్రం ఊపలేదు. ఇంటికి వచ్చాక అన్న ఫోన్ చేసి, అన్నీ తను చూసుకుంటాననీ, తేదీ ఖాయం చేయమనీ చెప్పాడు. బాపు ఫోన్ తనకిమ్మని సైగ చేశాడు. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో పైపు పట్టుకున్నాడు గనక మీట నన్ను నొక్కమన్నాడు. "రాజూ... నాల్క... ఇయ్య" అన్నాడు. అన్న గొంతు నాకూ వినిపించేంత గట్టిగా వచ్చింది. "సుజా, గిది బాపు గాదు. మీటలు నువ్వు నొక్కుతున్నవ్. నీ మాటలు బాపు నోట్ల పెడ్తున్నవ్."

అన్న సెలవు పెట్టి వచ్చాడు. వచ్చిన పొద్దుటే ఆపరేషన్ మాట ఎత్తాడు. బాపు డబ్బా వైపు చెయ్యి చాపితే, అన్న ముందే వెళ్ళి తీగలు ఊడబీకి బ్యాటరీని తన దోస్తు ఇంట్లో పెట్టి వచ్చాడు. "డబ్బా ఉన్నంత సేపు ఒప్పుకోడు. డబ్బా లేకుంటే ఇంకేం ఉన్నదని నాల్క దాసుకుంటడు?" అన్నాడు. అన్న చెడ్డవాడు కాదు. వాడి కళ్ళ కింద నల్లగా వలయాలున్నాయి, తండ్రి బతకాలని తప్ప వాడికి ఇంకో ఆలోచన లేదు. నాకు మాత్రం వాడి చెంప పగలగొట్టాలనిపించింది. "నీకు వినబుద్ధి గాక ఆయన నోరు మూస్తున్నవ్" అన్నాను. "నువ్వు గీ బొమ్మ చెయ్యకపోయినుంటే బాపు ఈపాటికి దవాఖానల ఉంటుండె" అన్నాడు. బాపు మా ఇద్దరి మధ్యా కూర్చుని ఉన్నాడు. చప్పట్లు కూడా కొట్టలేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. పళ్ళెం పెడితే ముట్టలేదు.

మర్నాడు కూడా అంతే. అప్పుడు అవ్వ, ఎవరికీ చెప్పకుండా, ఆ దోస్తు ఇంటికి నడిచి వెళ్ళి, బ్యాటరీని బీడీల గంపలో పెట్టి నెత్తిన ఎత్తుకుని వచ్చింది. ఒలికిన యాసిడ్ నీళ్ళకు ఆమె కొంగు జల్లెడలా చిల్లులు పడింది. గంప దింపి అన్నతో, "ఆయన నాల్క ఆయనది. నీది గాదు, నాది గాదు. ముందుగాల ఇను" అంది. నేను తీగలు బిగించి, దూరంగా వెళ్ళి, అన్నకు కనబడేలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. బాపు తనే స్విచ్ వేశాడు, రిలే టక్కుమంది. తనే మీట నొక్కాడు.

"గొంతు అడిగిన్రు, ఇచ్చిన. నాల్క ఇయ్య. సచ్చిపోతనని నాకు ఎర్కే." ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. "మీ అవ్వతోని... జర మాట్లాడేది ఉన్నది."

అన్న బాపు మోకాళ్ళ మీద తల పెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. సెలవు అయిపోగానే వెళ్ళిపోయాడు. నాతో మాత్రం మాట్లాడలేదు.

వానలు పడే వరకూ బాపు మాట్లాడాడు. తర్వాత గడ్డ పెరిగి నాలుక కదలడం మానేసింది. ఇయ్యనన్న నాలుకను రోగం అడక్కుండానే తీసుకుంది. పైపు పెడితే వట్టి మోతే వచ్చేది, ఆయన తల అడ్డంగా ఊపి తీసేసేవాడు. అయినా నేను రోజూ బ్యాటరీకి చార్జింగ్ పెట్టేదాన్ని, అలవాటు మానలేక. బాపు పోయిన రోజు కూడా అది నిండుగా ఉంది. ఆ తర్వాత ఒక ఉరుముల రోజు చిప్ ఊరికే పోయింది, దాన్ని ఎవరూ తాకను కూడా తాకలేదు. నేను పెద్దగా బాధపడలేదు.

ఇప్పుడు మార్కెట్లో పాట లేదు. ఖరీదుదారులు ధరను కంప్యూటరులో కొడతారు, రైతు తెర మీద చూసుకుంటాడు, యార్డులో ట్రాక్టర్ల చప్పుడు తప్ప మనిషి గొంతు వినబడదు. రోజంతా కరెంటు ఉంటుంది, గొట్టానికి నీళ్ళు పోయడం మా పిల్లలకు చెబితే నవ్వుతారు. గొంతు పోయినవాళ్ళు చేతిలోని ఫోన్ మీద రాస్తే అదే చదివి పెడుతుంది, నేను అన్ని నెలలు పడిన అవస్థ ఎవరూ పడనక్కర్లేదు. మంచిదే, నాకు ఏడుపేమీ లేదు. కాని ఆ పెట్టె చేసి బాపు ఆయుష్షు తగ్గించాననే మాట మా చుట్టాల్లో ఇప్పటికీ ఉంది. పెళ్ళిళ్ళలో నా వెనక అనుకుంటారు, నాకు వినబడుతుంది. నేను జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది. వాళ్ళకు లెక్క ఏళ్ళల్లోనే తెలుసు.

అన్న గల్ఫ్ పూర్తిగా మానుకుని వచ్చి మూడేళ్ళయింది. నాతో మాట్లాడుతున్నాడు, వయసు మీద పడితే కోపాలు నిలవవు. మొన్న ఆదివారం అన్నం తిని కూర్చున్నప్పుడు, ఇన్నాళ్ళుగా కడుపులో పెట్టుకున్నది, నన్ను కాదు, అవ్వనే అడిగాడు. "అవ్వా, నిజం జెప్పు. గా దినం నా మాట ఇని ఆపరేషన్ చేపిచ్చుకుంటే బాపు ఇంకో నాలుగేండ్లన్న బతుకుతుండె గదా?"

అవ్వకు ఇప్పుడు చూపు ఆనదు. చేతులు మాత్రం ఖాళీగా ఉండలేవు, ఒళ్ళో కొంగు అంచును బీడీలా చుడుతూ విప్పుతూ ఉంటుంది. చుట్టిన కొంగును విప్పి ఒళ్ళో పరుచుకుంది.

"బతుకుతుండె కొడుకా," అంది. "అంతకుముందు ముప్పై ఏండ్లు గూడ బతికిండు గదా నా పక్కన. నాతోని మాట్లాడింది మాత్రం గా ఒక్క ఎండకాలమే."